ఆరు హెక్టార్ల లోకం: హషిమా దీవి చరిత్ర

తొమ్మిదవ తరగతికి జనసాంద్రత పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయునికీ ఒక ఇబ్బంది అనుభవంలోనిదే. చదరపు కిలోమీటరుకు ఇంతమంది అని నల్లబల్లపై అంకెలు వ్రాస్తాము. పిల్లలు వాటిని నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, పరీక్షనాడు తిరిగి మనకే అప్పగిస్తారు. ఆ అంకెల వెనుక ఉన్న మనుషులు ఎక్కడ పడుకున్నారో, నీళ్లెక్కడి నుండి తెచ్చుకున్నారో, వారి పిల్లలు ఎక్కడ ఆడుకున్నారో ఎవరికీ తోచదు. సాంఘికశాస్త్రం బోధించిన సంవత్సరాలలో ఈ ఇబ్బందిని దాటడానికి నేను మళ్లీ మళ్లీ ఆశ్రయించిన ఉదాహరణ ఒకటున్నది. అది జపాన్ దేశంలో, నాగసాకి నగరానికి సుమారు 15 కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఉన్న హషిమా అనే చిన్న దీవి.

మన పాఠశాల ప్లాటినం జూబ్లీ సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం వ్రాయమని నిర్వాహకులు కోరినప్పుడు నాకు ముందుగా ఆ దీవియే గుర్తుకు వచ్చింది. దూరదేశపు బొగ్గుగని దీవికీ, పొరుగు రాష్ట్రంలో తెలుగు బోధిస్తూ డెబ్బై ఐదేళ్లు నిలిచిన బడికీ సంబంధమేమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చు. వ్యాసం చివరకు వచ్చేసరికి ఆ సందేహం తీరగలదని నమ్ముతున్నాను.

దీవి పుట్టుక

హషిమా విస్తీర్ణం 6.3 హెక్టార్లు. మన లెక్కలో పదిహేనున్నర ఎకరాలు. ఉత్తర దక్షిణాలుగా 480 మీటర్లు, తూర్పు పడమరలుగా 160 మీటర్లు. చుట్టుకొలత 1.2 కిలోమీటర్లు మాత్రమే. నింపాదిగా నడిచినా ఇరవై నిమిషాలలో చుట్టి రావచ్చును. ఇంత చిన్న నేలపై 1959 నాటికి 5,259 మంది నివసించారు. చదరపు కిలోమీటరుకు లెక్కగడితే అది సుమారు 83,500 మంది అవుతుంది. లోకంలో నమోదైన అత్యధిక జనసాంద్రతలలో ఇది ఒకటి.

ప్రకృతి ఈ దీవిని ఇంత పెద్దదిగా కూడా సృష్టించలేదు. మొదట అది అలలు కొట్టే ఒక రాతిగుట్ట మాత్రమే. 1810 ప్రాంతంలో అక్కడ బొగ్గు ఉన్నదని చుట్టుపక్కల వారికి తెలిసింది. జాలరులు తీరిక వేళల్లో కొంత తవ్వి అమ్ముకునేవారు. మెయిజీ చక్రవర్తి కాలంలో జపాన్ పాశ్చాత్య యంత్రవిద్యను శరవేగంతో అలవరచుకుంటున్న రోజులలో, ఓడలకూ కర్మాగారాలకూ బొగ్గు ప్రాణావసరమైంది. సమీపంలోని తకషిమా దీవిలో అప్పటికే ఆధునిక గని నడుస్తున్నది. హషిమాలో 1887లో మొదటి షాఫ్టు, అనగా నిట్టనిలువు గనిబావి, పూర్తయింది. 1890లో మిత్సుబిషి సంస్థ దీవిని కొనివేసింది. ఆ తరువాత 84 ఏళ్లు దీవి ఆ సంస్థ చేతిలోనే పనిచేసింది.

గని లోతుగా పోయేకొద్దీ పైన చోటు కావలసి వచ్చింది. గని నుండి వెలికివచ్చిన రాయిని, మట్టిని గుట్ట చుట్టూ సముద్రంలో పోసి, దాని వెలుపల గోడ కట్టి, దశలవారీగా నేలను పెంచుతూ పోయారు. తొలినాటి సముద్రపు గోడలను సున్నము, ఎర్రమట్టి కలిపిన గచ్చుతో రాళ్లు పేర్చి నిర్మించారు. మన పెద్దలు గానుగ సున్నంతో కోటగోడలు కట్టిన విధము వంటిదే అది. 1931 నాటికి దీవి మొదటి గుట్టకు సుమారు మూడింతలైంది.

దూరం నుండి చూస్తే ఎత్తైన గోడలూ, వాటిపై కిక్కిరిసిన భవనాలూ, పొగగొట్టాలూ కలిసి ఒక యుద్ధనౌకలా కనిపించేవి. ఆ రోజులలో నాగసాకి ఓడల కర్మాగారంలో తయారవుతున్న ‘తోసా’ అనే యుద్ధనౌకతో జనం దీనిని పోల్చి ‘గున్‌కన్‌జిమా’, అనగా యుద్ధనౌక దీవి, అని పిలవసాగారు. ఆ పేరే ఈనాటికీ ఎక్కువ వాడుకలో ఉన్నది.

మేడ మీద మేడ

నేల పెరగడానికి హద్దు ఉన్నది, ఆకాశానికి లేదు. కార్మికుల కుటుంబాలు వచ్చి చేరుతున్నకొద్దీ ఇళ్లు పైపైకి లేచాయి. 1916లో అక్కడ నిర్మించిన 30వ నంబరు భవనం జపాన్ దేశపు మొట్టమొదటి ఉక్కు-కాంక్రీటు బహుళ అంతస్తుల నివాసగృహంగా పేరొందింది. రెండేళ్లకే, 1918లో, తొమ్మిది అంతస్తుల ఇళ్ల వరుస ఒకటి లేచింది. అన్నిటికన్నా పెద్దదైన 65వ నంబరు భవనంలో 317 ఇళ్లుండేవి. తుపాను గాలినీ, ఉప్పు నీటినీ కర్ర ఇల్లు తట్టుకోజాలదు. సముద్రంపైన నివసించదలచిన వారికి కాంక్రీటు తప్పనిసరి అయింది.

ఒక భవనం నుండి మరొక భవనానికి పై అంతస్తులలోనే వంతెనల వంటి దారులుండేవి. వానాకాలంలో గొడుగు లేకుండా ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి వచ్చేవారమని అక్కడ పెరిగినవారు చెబుతారు. గుట్టను ఎక్కే ఒక నిడుపాటి మెట్లదారికి ‘నరకపు మెట్లు’ అని పేరు పెట్టుకున్నారు. తుపాను రోజులలో గోడ దాటి అలలు మేడల మధ్య వీధిలో వర్షంలా కురిసేవి కనుక ఆ వీధికి ‘ఉప్పు కురిసే వీధి’ అని పేరు. పేర్లు పెట్టడంలో సామాన్యులకున్న ప్రజ్ఞ అన్ని దేశాలలోనూ ఒక్కటే.

ఆ ఇళ్లలో అందరూ సమానులు కారు. గుట్ట ఎత్తున, గాలీ వెలుతురూ తగిలే చోట గని అధికారుల నివాసాలు ఉండేవి. సొంత స్నానపు గది ఉన్న ఇళ్లు అతి కొద్ది. సాధారణ కార్మికుని కుటుంబానికి రెండు చిన్న గదులు. పెళ్లికాని వానికి ఒక్క గది. మరుగుదొడ్లు, స్నానశాలలు ఉమ్మడివి. కింది అంతస్తులలోకి ఎండ పొడ సోకేది కాదు. సముద్రపు చెమ్మ గోడలలో ఎప్పుడూ ఉండేది. ఎవరు ఏ అంతస్తులో ఉన్నారో తెలిస్తే వారు గనిలో ఏ పని చేస్తారో చెప్పవచ్చును.

నీరు, కూర, మట్టి

చుట్టూ నీరే, తాగడానికి చుక్క లేదు. తొలి రోజులలో సముద్రజలాన్ని కాచి, ఆవిరి పట్టి మంచినీరు తయారుచేశారు. తరువాత ప్రధాన భూభాగం నుండి నీటి ఓడలు వచ్చేవి. తుపాను వచ్చి ఓడ రాకపోతే బిందెలు ఖాళీ. 1957లో సముద్రం అడుగున గొట్టాలు పరచి దీవికి నీరందించారు. జపాన్‌లో సముద్రగర్భపు నీటిసరఫరాకు అదియే నాంది. అప్పటిదాకా వరుసలలో నిలబడి నీరు పట్టుకున్న గృహిణులకు ఆ సంవత్సరం పండుగ సంవత్సరమై ఉండాలి. కుళాయి వద్ద నిలబడి బడికి ఆలస్యమైన మన పిల్లల తల్లులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

గని నుండి పైకి వచ్చిన కార్మికుడు నేరుగా ఇంటికి పోయేవాడు కాడు. ఉమ్మడి స్నానశాలలో తొట్లు వరుసగా ఉండేవి. మొదట బొగ్గుమసి పట్టిన బట్టలతోనే ఉప్పునీటి తొట్టిలో దిగేవాడు. తరువాత మరొక ఉప్పునీటి తొట్టి. చిట్టచివరకు మాత్రమే మంచినీరు. మంచినీటి విలువ ఎరిగిన ఊరు నేర్చుకున్న క్రమశిక్షణ అది.

కూరగాయలు పండే నేల లేదు. ఎదుటి తీరపు గ్రామాల నుండి అమ్మకందార్లు పడవలలో కూరలు తెచ్చి మేడల మధ్య సందులో పరచుకుని అమ్మేవారు. టోక్యోలోని సంపన్నుల బజారు పేరు తెచ్చి ఆ సందుకు ‘హషిమా గింజా’ అని పెట్టుకున్నారు. సముద్రం అల్లకల్లోలమైన రోజున బజారు లేదు. పడవలు ఆగేందుకు సరియైన రేవు కూడా చాలాకాలం లేదు. 1954లో కట్టిన రేవును 1956 తుపాను కొట్టుకుపోయింది. 1958లో మళ్లీ కట్టారు. 1959లో మళ్లీ కొట్టుకుపోయింది. 1962లో మూడవసారి కట్టినది నిలిచింది. ఓర్పు అనే మాటకు నిఘంటువులో అర్థం వెదకనక్కరలేదు. ఈ అయిదు సంవత్సరసంఖ్యలు చాలును.

చెట్టు చేమ లేని ఆ చోటికి ‘పచ్చదనం లేని దీవి’ అన్న పేరు కూడా ఉండేది. దానిని మాపడానికి నివాసులు ప్రధాన భూభాగం నుండి మట్టి మోయించి మేడల కప్పుల మీద పోసి తోటలు పెంచారు. కాంక్రీటు మధ్య పుట్టి పెరిగిన పిల్లలు అక్కడే కూరపాదులూ, వరిమొక్కా మొదటిసారి చూశారు. అన్నం ఎక్కడి నుండి వస్తుందో పిల్లలకు చూపించాలన్న తపన ఏ దేశపు పెద్దలకైనా సహజమే.

దీవిలో వైద్యశాల, చలనచిత్రశాల, క్షౌరశాల, ఈతకొలను ఉండేవి. అన్ని శాఖల వారికీ కలిపి ఒకే బౌద్ధాలయం, గుట్ట కొసన గనిదేవతకు కోవెల ఉండేవి. ఏటా వసంతకాలంలో ఆ దేవతకు ఉత్సవం చేసి పల్లకీ ఊరేగించేవారు. మోటారు వాహనం ఒక్కటి కూడా లేదు. టెలివిజను మాత్రం దేశంలోని పెక్కు ఊళ్లకన్నా ముందే ఇంటింటా వెలిసింది. మేడల కప్పుల మీద ఏంటెనాలు అడవిలా మొలిచాయి. దీవిలో లేనిది శ్మశానం. మరణించిన వారిని పడవపై సమీపంలోని నిర్జన దీవికి తీసుకుపోయి దహనం చేసేవారు.

ఏడంతస్తుల బడి

ఉపాధ్యాయునిగా నా మనసును అన్నిటికన్నా ఎక్కువగా ఆకర్షించినది దీవిలోని బడి. గని మొదలైన కొద్ది ఏళ్లకే అక్కడ పిల్లలకు చదువు ఏర్పాటు చేశారు. 1958లో, సముద్రపు గోడకు ఆనుకొని ఉన్న చోట, కొత్త పాఠశాల భవనం పూర్తయింది. తరువాత పెంచిన అంతస్తుతో కలిపి అది ఏడంతస్తుల భవనం. కింది అంతస్తులలో ప్రాథమిక పాఠశాల, పైన మాధ్యమిక పాఠశాల, సభామందిరం. ముందు ఆటస్థలం. దీవి మొత్తం మీద పిల్లలు పరుగెత్తగలిగిన విశాలమైన చోటు అదొక్కటే. అందుచేత బడి ముగిసినా పిల్లలు బడిలోనే ఉండేవారు. కార్మికుల ఆటల పోటీలకూ, ఊరి వేడుకలకూ అదే వేదిక.

గని మూడు పాళీలలో రాత్రింబవళ్లు నడిచేది. రాత్రి పాళీ చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రించాలి. రెండు గదుల ఇంటిలో నలుగురు పిల్లలు చప్పుడు చేయకుండా ఎలా ఉండగలరు? బడి లేకపోతే ఆ తండ్రులకు నిద్ర లేదు. ఆ నిద్ర లేకపోతే గనిలో ప్రమాదం. ఒక బడి ఊరికి ఎన్ని విధాల ఆధారమో ఆ దీవిలో స్పష్టంగా కనిపిస్తుంది.

నేల కింది బ్రతుకు

ఈ లోకమంతటినీ నిలబెట్టినది సముద్రం అడుగున ఉన్న మరొక లోకం. ఉక్కుతాళ్లకు వేలాడే లిఫ్టులో కార్మికులు 600 మీటర్లకు పైబడిన లోతుకు దిగి, అక్కడి నుండి వాలుగా ఉన్న సొరంగాలలో ఇంకా కిందికి పోయేవారు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, గాలిలో తేమ 95 శాతం. రాతిపొరలు ఏటవాలుగా ఉండుట వలన నిలబడి తవ్వుట కూడా కష్టమే. మండే వాయువు, కప్పు కూలుట, నీరు చొరబడుట వంటి భయాలు నిత్యం ఉండేవి. 1891 నుండి 1974 వరకు ఈ విధంగా వెలికివచ్చిన బొగ్గు సుమారు ఒక కోటి 57 లక్షల టన్నులు. అది శ్రేష్ఠమైన జాతి బొగ్గు. యవాతా ఉక్కు కర్మాగారం కొలుములకు అది చేరేది. జపాన్ ఓడలలోనూ, రైలు పట్టాలలోనూ ఈ దీవి శ్రమ ఉన్నది. ఫిరంగులలోనూ ఉన్నది.

సింగరేణి బొగ్గుబావులలోనూ, కోలారు బంగారు గనులలోనూ పనిచేసిన కుటుంబాల వారు మన పాఠకులలో ఉంటే, పాళీ మారే వేళ బావి ముఖద్వారం వద్ద నిలబడి పైకి వచ్చేవారి ముఖాలు చూసే ఆడవారి చూపు ఎట్టిదో వారికి నేను చెప్పనక్కరలేదు.

చెప్పకుండా దాటవేయబడిన అధ్యాయం

ఇంతవరకు వ్రాసినది చదివి, ఇరుకైనా అన్యోన్యంగా బ్రతికిన ఒక ఊరి కథ అని పాఠకులు సంతోషించవచ్చును. అక్కడ పెరిగిన చాలామంది జపానీయుల జ్ఞాపకం కూడా అటువంటిదే. తలుపులకు తాళాలు వేసుకోలేదనీ, దీవి అంతా ఒకే కుటుంబమనీ వారు చెబుతారు. వారి మాటను శంకించవలసిన పని లేదు. కాని అది ఆ దీవి చరిత్రలో సగమే.

1910 నుండి 1945 వరకు కొరియా జపాన్ పాలనలో ఉండేది. యుద్ధం ముదిరి జపాన్ యువకులు సైన్యానికి పోగా గనులలో మనుషుల కొరత ఏర్పడింది. 1939 నుండి కొరియా పల్లెల యువకులను గనులకూ కర్మాగారాలకూ తరలించసాగారు. మొదట రిక్రూటుమెంటు అన్నారు. క్రమంగా ఒత్తిడి పెరిగింది. 1944 నాటికి అది బాహాటంగా నిర్బంధం అయింది. హషిమాకు వందల సంఖ్యలో కొరియన్లు వచ్చారు. యుద్ధపు చివరి ఏళ్లలో రెండు వందల మందికి పైగా చైనీయులను కూడా తెచ్చారు. దీవిలో అత్యధికంగా బొగ్గు తవ్విన సంవత్సరం 1941. ఆ ఏడు ఉత్పత్తి నాలుగు లక్షల టన్నులు దాటింది.

పద్నాలుగేళ్ల ప్రాయంలో అక్కడికి తీసుకురాబడిన ఒక కొరియా బాలుడు వృద్ధుడైన తరువాత తన అనుభవాన్ని లోకానికి చెప్పాడు. మనిషికి కాళ్లు చాపుకొనే చోటు లేని గదిలో ఏడెనిమిది మందిని ఉంచారనీ, నూనె తీసిన సోయా పిండి కలిపిన తిండి కడుపులో ఇమడక విరేచనాలతో బాధపడ్డాననీ, పనికి పోలేనంటే కొట్టేవారనీ చెప్పాడు. సముద్రపు గోడపై నిలబడి అందులో దూకుదామా అని ఎన్నోసార్లు అనుకున్నాడట. మన ఎనిమిదవ తరగతి పిల్లవాని వయస్సు అది. ఆ దీవిలో అదే వయస్సు జపానీ పిల్లవాడు పలక పట్టుకొని బడికి పోతున్నాడు. ఇద్దరి మధ్య దూరం కొన్ని మెట్లు మాత్రమే.

ఆనాటి దహన పత్రాలలో వందకు పైగా కొరియన్ల పేర్లు కనిపిస్తాయి. వారిలో ఎందరి వారికి కబురు అందిందో, ఎందరి అస్థికలు స్వదేశం చేరాయో తేలని విషయం. 1945 ఆగస్టు 9న నాగసాకిపై అణుబాంబు పడింది. కొద్ది రోజులకే యుద్ధం ముగిసింది. ప్రాణాలతో మిగిలిన కొరియన్లు, చైనీయులు దీవి విడిచి వెళ్లారు. వారి చోటును మళ్లీ జపాన్ కార్మికులు నింపారు.

వెలుగు, చీకటి

యుద్ధానంతర జపాన్ పునర్నిర్మాణానికి బొగ్గు మళ్లీ ప్రాణమైంది. 1950లో కొరియా యుద్ధం ఆరంభమైనప్పుడు గిరాకీ ఇంకా పెరిగింది. 1950ల దశకం హషిమాకు స్వర్ణయుగమని అక్కడివారంటారు. జీతాలు పెరిగాయి, నీటిగొట్టాలు వచ్చాయి, కొత్త బడి వచ్చింది, 1959లో జనాభా శిఖరానికి చేరింది.

శిఖరం తరువాత ఉండేది దిగుడే. 1960ల దశకంలో జపాన్ పరిశ్రమలు బొగ్గు వదలి పెట్రోలియం వైపు తిరిగాయి. 1964లో గని లోతులలో బొగ్గు తనంతట తాను రాజుకున్నది. మంట ఆర్పడానికి ఆ భాగాన్ని నీటితో ముంచివేయవలసి వచ్చింది. చాలా కుటుంబాలు వెళ్లిపోయాయి. మరుసటి ఏడు కొత్త బొగ్గుపొర దొరికి కొంత ఊపిరి వచ్చినా, దేశంలో గనుల మూసివేత ఆగలేదు. 1974 జనవరి 15న గని మూసివేత సభ బడి ఆవరణలోనే జరిగింది. మార్చిలో పాఠశాల తన చివరి విద్యాసంవత్సరాన్ని ముగించింది. ఏప్రిల్ 20న చివరి పడవ వెళ్లిపోయింది. భూమిపై అతి కిక్కిరిసిన ఊరు మూడు నెలలలో నిర్మానుష్యమైంది. కొందరు సమీపంలోని తకషిమా గనికి మారారు. అది కూడా 1986లో మూతపడింది.

వెళ్లేవారు అన్నీ మోసుకుపోలేకపోయారు. టెలివిజను పెట్టెలు, బల్లలు, పిల్లల ఆటబొమ్మలు ఇళ్లలోనే మిగిలాయి. 35 ఏళ్లు అక్కడ సాధారణ ప్రజలకు ప్రవేశం లేదు. అలలు బడి పునాది కింది మట్టిని కోసివేయగా, భవనాన్ని మోసే స్తంభాలు వేళ్లలా బయటపడ్డాయి. కింద నేల పోయినా బడి ఇంకా నిలబడి ఉన్న ఛాయాచిత్రాన్ని చూసిన ఏ ఉపాధ్యాయుడూ దానిని సులువుగా మరువలేడు.

జ్ఞాపకంపై వివాదం

2001లో సంస్థ దీవిని స్థానిక పురపాలక వ్యవస్థకు అప్పగించింది. 2005లో అది నాగసాకి నగరంలో చేరింది. 2009 ఏప్రిల్ నుండి సందర్శకులను అనుమతిస్తున్నారు. అదీ సముద్రం శాంతించిన రోజులలో, నిర్ణీతమైన కొద్దిపాటి దారిలో మాత్రమే. 30వ నంబరు భవనం 2020లో కొంత భాగం కూలింది.

2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంస్థ మెయిజీ కాలపు పారిశ్రామిక స్థలాల జాబితాలో హషిమాను చేర్చింది. కొరియా అభ్యంతరం చెప్పింది. తమవారి కన్నీటి మాట లేకుండా పారిశ్రామిక వైభవం మాత్రమే చాటడం న్యాయం కాదన్నది. 1940లలో అనేకమంది కొరియన్లనూ ఇతరులనూ వారి ఇచ్ఛకు విరుద్ధంగా తెచ్చి, కఠిన పరిస్థితులలో పనిచేయించిన మాట వాస్తవమని జపాన్ ప్రతినిధులు అదే సభలో ఒప్పుకొని, ఆ సంగతి తెలిపే కేంద్రాన్ని ఏర్పాటు చేస్తామన్నారు. 2020లో టోక్యోలో ఆ కేంద్రం తెరుచుకున్నది. కాని అందులో దీవి పూర్వ నివాసుల తీపి జ్ఞాపకాలకే ప్రాధాన్యం ఇచ్చారని, నిర్బంధ శ్రామికుల గోడు వినిపించలేదని విమర్శ వచ్చింది. 2021లో ప్రపంచ వారసత్వ సంఘం ఈ విషయమై తీవ్ర విచారం వ్యక్తం చేసింది. వివాదం ఇంకా సమసిపోలేదు.

ఈ వివాదంలో నాకు కనిపించే ధర్మసూక్ష్మం ఒకటి. తాళాలు లేని తలుపులను తలచుకునే వృద్ధురాలు అబద్ధం చెప్పడం లేదు. సముద్రపు గోడపై నిలబడి ఏడ్చిన బాలుడూ అబద్ధం చెప్పలేదు. ఆమె తన మేడపై అంతస్తు నుండి చూసినది చెబుతున్నది. అతడు కింది అంతస్తు నుండి చూసినది చెప్పాడు. ఒక్కరి మాటనే దీవి చరిత్ర అని అచ్చువేయడంలోనే అన్యాయం ఉన్నది. ఆరు హెక్టార్లలో అయిదు వేలమంది భుజం భుజం ఒరుసుకొని బ్రతికినా, పక్కగోడ అవతలి మనిషి బాధ ఇవతలివారికి తెలియకపోవచ్చును. కిక్కిరిసి ఉండుట వేరు, కలిసి ఉండుట వేరు.

మన సంచికకు దీనితో పని

కోలారు గనులు 2001లో మూతపడినప్పుడు అక్కడి కాలనీలలో తరతరాలుగా ఉన్న తెలుగు, తమిళ కుటుంబాలకు గని పోయింది గాని ఊరు మిగిలింది. జీవనోపాధికై రోజూ రైలెక్కి బెంగుళూరు పోయి వచ్చేవారు ఎందరో. హషిమా వారికి ఊరు కూడా మిగలలేదు. వారికి మిగిలినది జ్ఞాపకమే. అందుకే దానిని నిజాయితీగా దాచుకొనుట అంత ముఖ్యమైంది.

తెలుగు ప్రాంతానికి వెలుపల తెలుగు బడి అనేది కూడా ఒక చిన్న దీవియే. చుట్టూ మరొక భాషాసముద్రం. నీటి ఓడ వచ్చినట్లు పుస్తకాలు, ఉపాధ్యాయులు వెలుపలి నుండి రావాలి. ఏ అల ఏ రేవును కొట్టుకుపోతుందో తెలియదు. మళ్లీ కట్టుకుంటూ ఉండాలి. డెబ్బై ఐదేళ్లు అలా కట్టుకుంటూ వచ్చిన దాతలకు, ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఈ సంచికలో కృతజ్ఞత చెప్పుకుంటున్నాము. అది మన ధర్మం.

దానితోపాటు మరొక ధర్మం కూడా ఉన్నది. మన పాఠశాల పాత హాజరుపట్టీలను ఎప్పుడైనా తిరగవేసి చూడండి. సంవత్సరం మధ్యలో ఎర్రసిరాతో గీత గీయబడిన పేర్లు కనిపిస్తాయి. జీతం కట్టలేక ఆగినవారు, తండ్రితో పనికి పోయినవారు, తమ్ముళ్లను ఎత్తుకోవడానికి ఇంటి వద్ద నిలిచిపోయిన బాలికలు. బహుమతులు పొందినవారి ఛాయాచిత్రాలు గోడలపై ఉన్నవి. గీత కింద ఉన్నవారి ఛాయాచిత్రాలు లేవు. వారు కూడా ఈ బెంచీలపై కూర్చున్నవారే. ఈ గంట విన్నవారే.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ఈ ఉత్సవ సందర్భంగా మీరు కలుసుకున్నప్పుడు, మీ తరగతిలో మధ్యలో ఆగిపోయిన ఒక్కరి పేరైనా గుర్తుచేసుకోండి. ఎక్కడున్నారో కనుక్కోండి. వీలైతే వారి చేత కూడా నాలుగు మాటలు వ్రాయించి పాఠశాల గ్రంథాలయంలో భద్రపరచండి. నూరవ సంవత్సరపు సంచిక వెలువడే నాటికి, మన తరువాతి తరం వారు ఈ బడి కథను పై అంతస్తు నుండీ కింది అంతస్తు నుండీ కూడా చదువుకోగలగాలి.

సముద్రం కోసివేసిన పునాదిపై హషిమా బడి శూన్యంగా నిలిచి ఉన్నది. మన బడిలో రేపు ఉదయం మళ్లీ గంట మోగుతుంది. ఆ భాగ్యం మనకున్నంతకాలం ఒక్క పిల్లవాని పేరు కూడా ఎర్రసిరా కిందికి పోకుండా చూసుకొందుము గాక!